మెహర్‌బాయి పేరున్న చోట

టాటానగర్ స్టేషనులో దిగిన తెలుగువారికి ఆ ఊరు బొత్తిగా పరాయిదని తోచదు. ఉక్కు కర్మాగారంలో పని వెతుక్కుంటూ వచ్చిన మనవారి సంతతి కద్మాలో, బిష్టుపూర్‌లో స్థిరపడి ఉన్నది. బిష్టుపూర్‌లో ఆంధ్రభక్త శ్రీరామ మందిరమూ ఉన్నది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే ఈ జంషెడ్‌పూర్‌కు యాత్రికులు జూబ్లీ పార్కు చూడడానికి వస్తారు. మేము వచ్చిన పని వేరు. కద్మాలోని బంధువుల ఇంట ఉండి మా వారికి క్యాన్సరు చికిత్స చేయించాలి.

1975లో ప్రారంభమైన ఇక్కడి క్యాన్సరు ఆసుపత్రికి మెహర్‌బాయి టాటా పేరే. ఆమె ఎవరో వాకబు చేసే తీరిక రోగుల బంధువులకు ఉండదు. నాకు మాత్రం నిరీక్షణలో గంటలకొద్దీ తీరిక దొరికింది.

మెహర్‌బాయి, జంషెడ్‌జీ టాటా పెద్ద కుమారుడైన దొరాబ్జీ భార్య. ఆయన ఆమెకిచ్చిన జూబ్లీ వజ్రం 245 క్యారట్లు. కోహినూరుకు రెట్టింపు పైమాటే. 1924లో కర్మాగారం జీతాలకు సైతం కటకటలాడినపుడు దొరాబ్జీ తన సొంత ఆస్తిని, ఆ వజ్రంతో సహా, ఇంపీరియల్ బ్యాంకులో కుదువబెట్టి కోటి రూపాయల అప్పు తెచ్చారు. ఊరు నిలిచింది.

భార్యను నిలుపుకోవడానికి మాత్రం ఆయన సంపద చాలలేదు. మెహర్‌బాయికి వచ్చినది ల్యుకేమియా. ఆ వ్యాధిని తాత్కాలికంగానైనా లొంగదీసిన మందుల వార్త 1948లో గాని వెలువడలేదు. ఆమె 1931 జూన్ 18న వేల్స్‌లోని ఒక చికిత్సాలయంలో కన్నుమూశారు. మరుసటి వసంతంలో దొరాబ్జీ ఆ వ్యాధిపై పరిశోధనకు ఆమె పేర నిధి నెలకొల్పారు. తన సర్వస్వమూ ధర్మనిధికి వ్రాసి ఇచ్చారు. ఆమె సమాధిని దర్శించ బయలుదేరి, 1932 జూన్ 3న జర్మనీలో మరణించారు. ఇంగ్లండులోని బ్రూక్‌వుడ్ శ్మశానంలో ఆమె సరసనే ఆయననూ ఉంచారు. ఆయన ధర్మనిధి బొంబాయిలో కట్టించిన క్యాన్సరు ఆసుపత్రి 1941లో తెరుచుకున్నది.

మన కాలపు నిరీక్షణ వేరు. మందులున్నాయి, ఫలితమే ముందుగా తెలియదు. ప్రతి విడత కీమోకు ముందు రక్తపరీక్ష. తెల్లకణాలు పడిపోయి ఉంటే ఆ వారం మందు వాయిదా. జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగు. కనుక తోడున్నవారికి థర్మామీటరు, ఫైలు, పెరుగన్నం, ఇవే ఆయుధాలు. వైద్యులు నయమైందని అనరు, ‘రెమిషన్’ అంటారు. అనువాదకురాలిని కనుక అక్కడ ఆగిపోయాను. తెలుగులో ఉపశమనం అనాలి; కాని మన చెవికి ఆ మాట తలనొప్పి తగ్గినంత తేలికగా వినిపిస్తుంది.

రోగికి చెప్పకుండా గుమ్మం అవతల భార్యకో, కొడుకుకో చెప్పడం మన ఇళ్ళలో మర్యాదగా చెలామణి అవుతున్నది. నాకది గిట్టదు. అయినా ఒక సాయంత్రం, వైద్యుని అడగవలసిన ప్రశ్నలు నోటు పుస్తకంలో వ్రాస్తూ మూడింటి వద్ద ఆగాను. మా వారు పుస్తకం అందుకుని చూశారు.

“నాలుగోది వ్రాయలేదే?”

“మీరు వినదలిస్తే వ్రాస్తాను.”

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. పిమ్మట కలం తీసుకుని, ఎంతకాలం అన్న ఆ ప్రశ్నను తమ దస్తూరీతోనే వ్రాసి, పుస్తకం నా చేతికిచ్చారు.