కురబలకోట చున్నీ, పెడన పాఠం

మాది కురబలకోట, మదనపల్లె పక్కనే. చుట్టూ గుండ్ల కొండలు, టమోటా తోటలు. బట్ట అంటే మా వైపు ముందుగా గుర్తొచ్చేది నీరుగట్టువారిపల్లె పట్టుచీరలే. మగ్గం చప్పుడు చిన్నప్పటి నుంచీ తెలుసు గానీ, బట్ట మీద అచ్చు వేయడం మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

పోయిన వేసవి సెలవుల్లో నేనే మొదలుపెట్టా. బెండకాయ అడ్డంగా కోస్తే పువ్వు. పెన్సిల్ రబ్బరును బ్లేడుతో చెక్కితే ఆకు. ఉర్లగడ్డ సగానికి కోసి గీస్తే మామిడి పిందె. స్కూల్లో వాడే రంగుల్లో ముంచి తెల్ల కాటన్ చున్నీ మీద కొట్టా. ఫొటోలు ఇన్‌స్టాలో పెడితే ఆరుగురు ఫ్రెండ్స్ కావాలన్నారు. ఒక్కోటి 350 రూపాయలు. ఇక నేనూ బిజినెస్ పెట్టేశా అనుకున్నా!

వారం తిరక్కుండానే ఒకమ్మాయి వీడియో పంపింది. బకెట్ నిండా ఎర్రనీళ్లు. మా అమ్మ చూసి, "ఏందే ఇది, పువ్వులన్నీ బకెట్లోకి పొయినాయే!" అంది. ఆరుగురికీ డబ్బులు వెనక్కిచ్చేశా. కానీ మనసు ఊరుకోలేదు. పెడనలో చేసేదీ అచ్చు పనే కదా, మరి ఆ రంగెందుకు పోదు?

మదనపల్లెలో రాత్రి బస్సెక్కి విజయవాడ. అక్కడ మచిలీపట్నం రైలెక్కితే గుడివాడ దాటాక పెడన. ఒకప్పుడు మచిలీపట్నం రేవు నుంచి ఈ అద్దకం బట్టలు పర్షియాకు, యూరప్‌కు వెళ్లేవి. 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నదీ ఇలాంటి బట్టల వ్యాపారం కోసమే. కలంకారీ అంటే కలంతో చేసే పని. మా వైపు శ్రీకాళహస్తిలో నిజంగానే కలంతో గీస్తారు. పెడనలో మాత్రం టేకు అచ్చులతో కొడతారు, రంగు రంగుకీ వేరే అచ్చు.

షెడ్డులో పొడవాటి బల్ల దగ్గర ఒక పెద్దాయన అచ్చు పెట్టి, పిడికిలితో ఠప్‌మని కొడుతున్నారు. నా చున్నీ చూపించా. నవ్వేశారు. "అచ్చు ఎవరైనా కొడతారమ్మా. ముందు గుడ్డ రంగు పట్టేలా ఉండాలి" అన్నారు.

అసలు కథ అప్పుడు తెలిసింది. బట్టను ఉతికి గంజి వదిలిస్తారు. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెడతారు. కరక్కాయ వగరు రంగును పట్టుకుంటుంది, పాలు రంగును పాకనివ్వవు. నలుపు కోసం తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. ఎరుపు కావాల్సిన చోట పటిక అద్దుతారు. తర్వాత రంగు చెక్కలు, వేర్లు వేసి కాచిన నీళ్లలో ఉడికిస్తే, పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. మధ్యమధ్యలో పారే నీళ్లలో ఉతకడం, మళ్లీ ఎండబెట్టడం. ఒక్క చీర వెనక ఇన్ని రోజుల పనుందా అనిపించింది. వచ్చేటప్పుడు అమ్మకి చీర కొన్నా. బేరమాడాలని నోటిదాకా వచ్చింది, మింగేశా.

ఇంటికొచ్చి పచారి కొట్లో కరక్కాయలు తెచ్చా. పాత మేకులు, బెల్లం కుండలో ఊరబెట్టా, మూత బిగించకుండా. మూడు వారాలయ్యాక వడగట్టి, చిక్కదనానికి జిగురు కలిపా. పళ్లెంలో తడిగుడ్డ పరిచి, దాని మీద ఆ రంగు పోసి, ఉర్లగడ్డ అచ్చును తుడిచి అద్దా. కరక్కాయ పట్టిన బట్ట మీద కొట్టగానే గోధుమరంగులో పడిన పిందె, నేను చూస్తుండగానే నల్లబడింది!

ఉతికా. పిందెలు అలాగే ఉన్నాయి. అంచులు కాస్త పాకాయి, జిగురు తగ్గించినందుకు. అమ్మ నీళ్ల బకెట్ చూసి, "ఈసారి నిలిచినాయిలే" అంది.

మళ్లీ ఆర్డర్లు తీసుకున్నావా అంటారా? ఇంకా లేదు. ఇంకో నాలుగు ఉతుకులు అయ్యాక చూద్దాం.