పడవ బోర్లపడినా కదలని బ్యాటరీ

తెరచాప పడవను గాలి నడుపుతుంది గాని, దీపాలకూ రేడియోకూ బ్యాటరీ ఉండక తప్పదు. 100 ఆంపియర్-అవర్ల సీసపు బ్యాటరీ ఒక్కటి సుమారు 30 కిలోలు తూగుతుంది. 1979 ఆగస్టులో, ఐర్లండు చెంతనున్న ఫాస్ట్‌నెట్ శిలను చుట్టివచ్చే పందెంలో పడవలు తుపానుకు చిక్కుకొని, 15 మంది నావికులు మరణించారు. బోర్లపడిన కొన్ని పడవల్లో బ్యాటరీల వంటి బరువైన వస్తువులు సైతం కట్టు తప్పాయి.

సెలవు దినాలలో విశాఖ తీరాన పడవ నడిపే మా మిత్రబృందం కిందటి వేసవిలో రెండు బ్యాటరీలు అమర్చుకోవలసి వచ్చింది. "నైలాన్ తాడు చాలదా?" అన్నారు మాలో ఒకరు. చాలదు, తాడు బరువుకు సాగుతుంది. పడవ తలక్రిందులైతే 60 కిలోలూ ఆ కట్టుమీదే వ్రేలాడాలి, అలల కుదుపు అదనం. అడుగున నడిమి భాగంలో, చట్రానికి బోల్టులతో బిగించిన పెట్టెలో వాటిని ఇరికించి, పైన టేకు అడ్డపట్టీ వేశాము. ఇనుప పట్టీ అయితే టెర్మినళ్లకు తగిలి షార్టు కావచ్చును. వాటికి రబ్బరు తొడుగులూ వేశాము.

బ్యాటరీలోకి సముద్రజలం చొరబడితే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుట్టవచ్చును. మూసిన క్యాబిన్‌లో దానికి మించిన ముప్పేమున్నది? అందుకే ఖర్చెక్కువైనా సీలు వేసిన రకమే కొన్నాము. అవి సైతం అతిగా ఛార్జి చేస్తే హైడ్రోజన్ వదలవచ్చును గనుక మూతకు రంధ్రాలు ఉంచాము.

పరీక్ష మోటుదే. ఇద్దరం వంగి బ్యాటరీని బలంకొద్దీ పైకి లాగాము. పెట్టె కదలలేదు, మా నడుములే పట్టేశాయి.