రేవు వెనుక సందుల్లోని పిల్లలు



ఆగమన కాలం వస్తే మన గుడిలో పచ్చని ఆకులు చుట్టిన వలయం పెట్టి, ఆదివారానికి ఒకటి చొప్పున నాలుగు కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఇది ఎక్కడి ఆచారమని మన యౌవనస్థులు అడుగుతుంటారు. ఇది జర్మనీలోని హాంబర్గ్ అనే రేవు పట్టణంలో పుట్టింది.

హాంబర్గ్ సముద్రపు ఒడ్డున లేదు. దాదాపు 100 కిలోమీటర్లు లోపలికి, ఎల్బే నది మీద ఉంది. అయినా పెద్ద పెద్ద ఓడలు నది వెంట అక్కడి దాకా వస్తాయి. వర్తకుల సభ ఏలిన పట్టణం అది. ఈనాటికీ జర్మనీలో అదే అన్నిటికన్నా పెద్ద రేవు. సెయింట్ మైకేల్ గుడి గోపురం 132 మీటర్ల ఎత్తు. ఓడల వాళ్లకు అదే గుర్తు.

ఆ పట్టణానికీ మన గోదావరికీ పాత బంధం ఉంది. 1836లో ఉత్తర జర్మన్ మిషనరీ సొసైటీ హాంబర్గ్‌లోనే ఏర్పడింది. వాళ్లు పంపిన వాలెట్ దొరగారు 1840లలో రాజమండ్రిలో సేవ మొదలుపెట్టారు. తరువాత ఆ పని అమెరికా లూథరన్ మిషను చేతికి వచ్చింది. సముద్రం దాటి మన దగ్గరకు వచ్చినవారి కోసం దేవుణ్ణి స్తుతిస్తాం.

అదే రోజుల్లో అదే పట్టణంలో ఉన్న మరొకాయన ఓడ ఎక్కలేదు. ఆయన రేవు వెనుక సందుల్లోకి నడిచారు. పేరు యోహాన్ విఖెర్న్. 1808లో హాంబర్గ్‌లోనే పుట్టారు. పదిహేనేళ్లకే తండ్రి పోతే, పిల్లలకు పాఠాలు చెప్పి ఇంటిని ఆదుకున్నారు. పెద్దయ్యాక సండేస్కూలు చెబుతూ, తన దగ్గరకు వచ్చే పిల్లల ఇళ్లకు వెళ్లి చూశారు. బయట ఓడల నిండా సరుకు, లోపల ఇరుకు గదుల్లో ఆకలి, తాగుడు, దొంగతనం నేర్చిన పసివాళ్లు. ఆ ఇళ్లు చూశాక, వారానికి ఒక గంట పాఠం చాలదని ఆయనకు అర్థమైంది.

1833లో ఊరి బయట ఒక పాత ఇల్లు దొరికింది. దాని పేరు రావెస్ హౌస్. అక్కడికి అబ్బాయిల్ని తీసుకొచ్చారు. చుట్టూ ప్రహరీ కట్టలేదు. పిల్లల్ని చిన్న చిన్న కుటుంబాలుగా ఉంచి, ఒక్కొక్క కుటుంబానికి ఒక అన్నను పెట్టి, చదువూ చేతిపనీ నేర్పారు.

క్రిస్మస్ ఎప్పుడని పిల్లలు రోజూ అడిగేవారట. 1839లో ఆయన ఒక బండి చక్రం తెచ్చి దాని మీద కొవ్వొత్తులు పెట్టించారు. ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్లవి, మిగతా రోజులకు చిన్న ఎర్రవి. రోజుకొకటి వెలిగిస్తుంటే పిల్లలు లెక్కపెట్టుకునేవారు. ఎవరూ లెక్కలో వేసుకోని పిల్లల కోసం మొదలైన దీపాలివి. అందంగా ఉన్నాయని తరువాత ప్రపంచమంతా తీసుకుంది.

గృహదర్శనాలకు వెళ్లినప్పుడు ఒక మాట నాకు తరచుగా వినబడుతుంది. బడి మానేసిన అబ్బాయిని చూపించి, "వీడు ఎందుకూ పనికిరాడండీ అయ్యగారూ" అంటారు. వాడు అక్కడే తలవంచుకుని నిలబడి ఉంటాడు. మిరపకోతకు, ఇటుక బట్టీకి వెళ్లి, వచ్చిన కూలి ఇంట్లో ఇచ్చేది కూడా వాడే. శిష్యులు తమలో గొప్పవాడెవడని అడిగినప్పుడు యేసు ప్రభువు ఒక చిన్నవాణ్ణి పిలిచి వాళ్ల మధ్య నిలబెట్టాడు. మనం ఆ చిన్నవాణ్ణి గుమ్మం పక్కన నిలబెట్టాం.

ఈ ఏడు లైటింగుకు చందాలు రాస్తున్నాం. అందులో కొంత తీసి, సాయంకాలం పిల్లలు కూర్చుని చదువుకోవడానికి గుడి పక్క గదిలో ఫ్యాను, బల్లలు వేయిద్దామని నేను అడిగాను. పండుగ వెలవెలబోతుందని కొందరు పెద్దలు అన్నారు. వాళ్ల బాధ నాకు తెలుసు, పక్క ఊరి గుడి వెలిగిపోతుంటే మనది చీకటిగా కనబడకూడదు. కానీ మనం వెలిగించే కొవ్వొత్తులే మనల్ని ఒక ప్రశ్న అడుగుతున్నాయి: ఇవి ఎవరి కోసం?

1943 బాంబు దాడుల్లో రావెస్ హౌస్ కూలిపోయింది. మళ్లీ కట్టుకున్నారు. అక్కడ సేవ ఈనాటికీ సాగుతోంది. గోడలు పడినా పని ఆగలేదు.

వచ్చే ఆదివారం కమిటీ కూర్చుంటుంది. మీ వీధిలో బడి మానేసిన పిల్లవాడి పేరు ఒకటి రాసి తీసుకురండి. మొదటి కొవ్వొత్తి వెలిగించే ముందు ఆ పేర్లు చదివి ప్రార్థన చేద్దాం.

ప్రభువు మిమ్మల్నీ మీ పిల్లల్నీ దీవించును గాక. ఆమేన్.