చింతచెట్ల చుట్టాలు, ఉప్పుమళ్ల పరదేశులు

చలి ముదిరిందంటే చాలు, మన ఉత్తరాంధ్ర బండ్లన్నీ ఘాట్ రోడ్డెక్కేస్తాయి. అరకు, లంబసింగి, వంజంగి మబ్బులు. వెళ్లొద్దని నేననను. కానీ ఊరు ఊరంతా కొండెక్కుతున్నప్పుడు సముద్రం వైపు రోడ్లు ఖాళీగా పడుంటాయి కదా, ఒక్కసారి అటు రండి అని పిలవడానికే ఈ కబుర్లు. నెగడు దగ్గరికి కాస్త జరిగి కూర్చోండి. వేరుశనక్కాయలు కాలేలోగా నాలుగు ముక్కలు చెప్పేస్తాను.

సముద్రపుటొడ్డుకి పక్షుల్ని చూడ్డానికి సెలవు పెట్టుకుని వెళ్లడం విలాయతీ వాళ్లకి పెద్ద సరదా. స్కాట్లాండు తీరంలో బాస్ రాక్ అని ఒక రాతిగుట్ట ఉంది. 2022కి ముందు వేసవిలో దానిమీద లక్షా యాభై వేల దాకా గానెట్లు గూళ్లు పెట్టి కూర్చునేవి. దూరం నుంచి చూసినవాళ్లకి గుట్ట మీద సున్నం పోశారేమో అనిపిస్తుందట. జనం టిక్కెట్టు కొనుక్కుని, వానకోటు తొడుక్కుని, పడవలో కక్కుకుంటూ మరీ వెళ్లి చూసొస్తారు. మనకా బాధ లేదు. మన తీరంలో అంతంత రాతి చరియలూ లేవు. భీమిలి దాటి ఉత్తరానికి పోయేకొద్దీ ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, మొగలి పొదలు. ఒక్క శ్రీకాకుళం జిల్లాకే 193 కిలోమీటర్ల తీరం. విజయనగరానికి కొంచెమే దక్కింది గానీ అందులోనే కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తుంది. అక్కణ్ణుంచి వరసగా కళ్లేపల్లి దగ్గర నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ, దొంకూరు దగ్గర బాహుదా. ఇన్ని నదులు ఇంత దగ్గర దగ్గరగా సముద్రంలో పడుతుంటే బురదకీ చేపకీ కొదవేమిటి? చేప ఉన్నచోటికి పక్షి రాకుండా ఉంటుందా?

అక్కడి పక్షి రాతిగుట్ట మీద ఉంటే మన పక్షి ఇంటి పెరట్లో ఉంటుంది. మీకు ముందుగా చూపించాల్సింది అదే. టెక్కలి నుంచి ఆటో మాట్లాడుకుంటే తేలినీలాపురంలో దింపేస్తాడు. రైల్లో వచ్చేవాళ్లకి నౌపడ జంక్షన్ దగ్గర. ఈ నౌపడ నుంచే 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు మొదలైంది. ఆ బుల్లి పట్టాలు పోయి ఇప్పుడు గుణుపురం దాకా పెద్ద రైలే నడుస్తోంది. రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లకి అదో అదనపు లాభం.

ఊళ్లోకి అడుగుపెట్టేసరికి ముందు ముక్కుకి తెలుస్తుంది. చేపల వాసన, రెట్టల వాసన కలిసిపోయి గుప్పుమంటుంది. తర్వాత చెవికి తెలుస్తుంది. ఆ తర్వాతే కంటికి. ఇళ్ల మధ్య చింతచెట్లు, వాటి కొమ్మకొమ్మనా పుల్లల గూళ్లు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఒకే చెట్టు మీద పక్కపక్క వాటాల్లో కాపురం పెట్టేస్తాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో దిగి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి, మార్చి, ఏప్రిల్ నాటికి ఎగరడం నేర్పి తీసుకుపోతాయి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లాంటివని ఊరివాళ్లంటారు. మాటవరసకి అనడం కాదు. పెంకుల మీద రెట్ట పడినా, వాకిట్లో కుళ్లిన చేప పడినా కడుక్కుంటారు తప్ప చెట్టు కొట్టరు. నేను చెట్టుకింద నోరు తెరుచుకుని పైకి చూస్తుంటే అరుగు మీదున్న ఒక ముసలమ్మ, "గొడుగు తేనేదేటి బాబూ?" అంది. ఆ మాట విలువ రెండు నిమిషాల్లో నా చొక్కాకి తెలిసింది.

అటవీశాఖ వాళ్లు అక్కడ వాచ్ టవర్ కట్టారు. ఎక్కండి, గూళ్లు మీ కళ్ల ఎత్తుకి వస్తాయి. గూడబాతు పిల్లకి మేత పెట్టడం కాసేపు ఓపిగ్గా చూడండి. తల్లి వచ్చి గూటి అంచున వాలి ముక్కు తెరుస్తుంది. పిల్ల అమాంతం తలా మెడా ఆ సంచిలోకి దూర్చేస్తుంది. లోపల గింజుకుంటుంటే తల్లి గొంతు తోలు ఉబ్బుతూ అణుగుతూ ఉంటుంది. పిల్లని తల్లే మింగేస్తోందని పక్కనున్న చిన్నపిల్లలు కేకలు పెడతారు. కాసేపటికి పిల్ల తల బయటికి లాక్కుని, ఒళ్లంతా తడిసి, ఇంకా కావాలని మళ్లీ గోల. ఆ చెట్ల మీది రొద చాలావరకు పిల్లలదే. పెద్ద ఎర్రకాళ్ల కొంగకి చెప్పుకోదగ్గ గొంతే లేదు, జతని పలకరించాలంటే ముక్కు టకటకలాడిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండ దంచుతుంటే రెక్కలు గొడుగులా విప్పి పిల్లల మీద నీడ పడేట్టు నిలబడుతుంది. రెక్కల చివర ఆ గులాబీ రంగు అప్పుడే బాగా కనబడుతుంది.

పొద్దెక్కి గాలి వేడెక్కాక గూడబాతులు లేవడం మొదలెడతాయి. నాలుగైదు కిలోల పక్షి, చాచిన రెక్కలు రెండు మీటర్లకు పైమాటే. రెక్క కొట్టకుండా వేడిగాలి మీద గుండ్రంగా తిరుగుతూ పైకిపోయి, ఆ ఎత్తు మీంచి మేత ఉన్నచోటికి జారుకుంటాయి. తెల్లారగట్లే చూసేసి టిఫిన్‌కి వెళ్లిపోయేవాళ్లు ఈ ముచ్చట పోగొట్టుకుంటారు.

ఇక్కడే మీతో చిన్న తగువు పెట్టుకోవాలి. ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయని ఎవర్నడిగినా ఒకటే జవాబు: సైబీరియా. పేపర్లో సైబీరియా, టీవీలో సైబీరియా, స్కూలు పిల్లల వ్యాసాల్లోనూ సైబీరియానే. పాపం, ఈ గూడబాతు సైబీరియా మొహం ఎరగదు. మచ్చల ముక్కున్న ఈ జాతి భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియాలు దాటి బతకదు. ఎర్రకాళ్ల కొంగదీ అదే కథ. నీళ్లెక్కడుంటే అక్కడికి మన దేశంలోనే అటూ ఇటూ తిరిగే స్వదేశీ పక్షులివి. నిజంగా సైబీరియా నుంచి మనకి వచ్చే తెల్లకొక్కెర ఒకటుండేది. అది రాజస్థాన్ భరత్‌పూర్‌కి వచ్చేది. 2002 తర్వాత అక్కడ కనిపించలేదు. ఎంత దూరం నుంచొస్తే అంత గౌరవం అనుకునే అలవాటు మనుషుల విషయంలోనే ఉందనుకున్నాను, పక్షులకీ అంటించేశాం.

మరి నిజమైన సైబీరియా చుట్టాలు మనకి రావా? వస్తాయి. అవి ఎక్కడున్నాయో ఎవరూ చూడరు, అదే నా బాధ. మధ్యాహ్నం భోజనం చేసి నౌపడ ఉప్పుమళ్ల వైపు నడవండి. తెల్లటి ఉప్పు గుట్టల మధ్య అరచెయ్యి లోతు నీళ్లలో, బురద గట్ల మీద బూడిదరంగు పిట్టలు గబగబా పరిగెత్తుతుంటాయి. ఉల్లంకులు. దూరం నుంచి చూస్తే మట్టిబెడ్డలు కదులుతున్నట్టే ఉంటుంది. అందులో అన్నిటికంటే చిన్న ఉల్లంకి తూకం ముప్ఫై గ్రాములు కూడా ఉండదు. ఉత్తర ధ్రువం దాపున మంచు కరిగే నేల మీద గుడ్లు పెట్టి, చలికాలానికి వేల కిలోమీటర్లు ఎగిరి మన తూర్పు తీరానికి వచ్చేది అది. వంపు ముక్కు ఉల్లంకి ఒకటుంది, దాని పుట్టిల్లు సైబీరియా ఉత్తరపు కొస తప్ప మరెక్కడా లేదు. మనం వెతికే పరదేశి అదీ. దానికి వాచ్ టవర్ లేదు, బోర్డు లేదు, ఫొటో తీసేవాడు లేడు. అడుగు ముందుకేస్తే గుంపంతా ఒక్కసారి లేచి, గాల్లోనే మలుపు తిరిగేటప్పుడు తెల్లటి కడుపులు తళుక్కుమని, యాభై గజాల అవతల మళ్లీ వాలుతుంది. బైనాక్యులర్ లేకపోతే ఈ ఆనందం అందదు. ఒక మోస్తరు జత కొనుక్కోండి, తీర్థయాత్రలకి పెట్టే ఖర్చులో అది ఎంత!

ఉప్పుమళ్ల దాకా మిమ్మల్ని తీసుకురావడానికి ఇంకో కారణం ఉంది. పక్షుల్ని ఊరి చెట్లే కాపాడుతున్నాయని మనం అనుకుంటాం. చెట్టు పడకగది మాత్రమే. వంటిల్లు ఇక్కడుంది. నౌపడ చుట్టూ ఉప్పుటేరులు, కాకరాపల్లి తంపర, ఇంకా పైకి పోతే సోంపేట బీల. తంపర, బీల అంటే బయటివాళ్లకి పనికిరాని నీటి నేలలు. వాటిని నమ్ముకున్నవాళ్లకి అవే చేప, గడ్డి, పంట, తాగునీరు. ఆ నేలల్లో థర్మల్ ప్లాంట్లు వద్దని జనం తిరగబడితే సోంపేటలో 2010 జులై 14న, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అవి మనుషుల బతుకు కోసం చేసిన పోరాటాలు. అయినా ఆ నీళ్లలో గూడబాతు మేత కూడా ఉందని మరిచిపోకూడదు. ఇప్పుడు అదే తీరాన మూలపేటలో పెద్ద పోర్టుకి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. పోర్టు వస్తే కుర్రాళ్లు ఉద్యోగాలకి వలస పోవక్కర్లేదన్న మాటని నేను తేలిగ్గా తీసిపారెయ్యను, వలస బాధ మన జిల్లాకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? కాకపోతే లెక్కలు వేసేవాళ్లు వంటింటిని ఖాళీ జాగా కింద రాసుకోకూడదు.

మేత తేడా వస్తే ఏమవుతుందో 2021 చివర్లో, 2022 మొదట్లో చూశాం. తేలినీలాపురంలో గూడబాతులు చెట్ల మీంచి రాలిపడ్డాయి, వంద దాటిపోయాయి. కోసి చూస్తే కడుపునిండా నులిపురుగులు. తిన్న చేపలతోపాటే లోపలికి పోయాయని తేల్చారు. అదే 2022లో ఇందాక చెప్పిన బాస్ రాక్ గానెట్లకి బర్డ్ ఫ్లూ వచ్చి వేలల్లో పోయాయి. గుట్ట మీదున్నా చింతచెట్టు మీదున్నా వేలకొద్దీ ఒక్కచోట చేరే పక్షులకి ఈ గండం తప్పదు.

అవి ఎప్పటికీ మనతోనే ఉంటాయన్న భరోసా కూడా లేదు సుమా. పశ్చిమ గోదావరి ఆరేడులో గూడబాతులు గూళ్లు పెట్టిన సంగతిని 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు లోకానికి చెప్పాడు. ఆ తర్వాత అవి ఆ ఊరు వదిలాయి. కొల్లేరు ప్రాంతానికి చేరి 1970ల్లో దాన్నీ వదిలాయి. కష్టమొస్తే అవి అర్జీ పెట్టవు, ధర్నా చెయ్యవు, మరుసటేడు రావు. అంతే.

బెంగ పెట్టాను కదూ. కొసరుగా ఇంకో ఊరు చూపిస్తాను. ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచి. ఇక్కడి చుట్టాలు నత్తగుల్ల కొంగలు. జూన్, జులైల్లో తొలి వానలకి దిగుతాయి. "వొచ్చీసినాయి" అన్న మాట ఊళ్లో వినబడిందంటే రైతు నాగలి సర్దుకుంటాడు. ఈ కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉండిపోతుంది. పుట్టుకతో రాదది, పిల్ల పెద్దదయ్యేకొద్దీ ఏర్పడుతుంది. వరిమడిలో నత్తని పట్టి, గుల్ల పగలగొట్టకుండా కింది ముక్కు కొసతో లోపలి కండ కోసి మెత్తటి మాంసం లాగేసే పనితనం చూడాలి. చేలో నత్తల బెడద తగ్గుతుంది, రైతుకి పైసా ఖర్చు లేదు. వీటికీ సైబీరియా పేరు తగిలించారు గానీ ఇవీ మన ఆసియా వాసులే. భరత్‌పూర్‌లో కాలికి కడియం వేసి వదిలిన ఒక నత్తగుల్ల కొంగ 800 కిలోమీటర్లు తూర్పున దొరికింది, థాయ్‌లాండ్‌లో వేసినది బంగ్లాదేశ్‌లో దొరికింది. సొంత ఖండంలోనే ఇంత తిరిగే పక్షికి లేని పాస్‌పోర్టు మనమెందుకు అంటగట్టడం?

ఓపికున్నవాళ్లు ఇచ్ఛాపురం నుంచి అలాగే ఒడిశాలోకి దాటిపోతే చిలికా. హిమాలయాల మీంచి ఎగిరి వచ్చే పట్టెతల బాతులు అక్కడ కనబడతాయి. దానికి ఇంకో రోజు పెట్టుకోవాలి, ఇంకో చలిమంట కబుర్లూ కావాలి.

వెళ్లేటప్పుడు కొన్ని గుర్తుంచుకోండి. చెట్టుకింద చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపకండి. ఫొటో బావుంటుంది, కానీ గుడ్డు ఎండకి మాడిపోతుంది, లేదంటే కాకి ఎత్తుకుపోతుంది. డ్రోన్ ఇంట్లోనే పెట్టండి. టోపీ తెచ్చుకోండి, ఎందుకో చెప్పక్కర్లేదు. ఊరివాళ్ల పెరట్లో నిలబడి చూస్తున్నామన్న ధ్యాస ఉంచుకుని, వాకిట్లోకి వెళ్లేముందు ఒక మాట అడగండి. పలాస జీడిపప్పు దారిలోనే దొరుకుతుంది, అది నేను చెప్పకపోయినా కొంటారు.

రెండు ఊళ్లూ ఒకే ట్రిప్పులో చూడాలంటే నవంబరు మొదటి రోజులు మంచివి. తేలుకుంచి కొంగలు అప్పటికింకా వెళ్లిపోవు, తేలినీలాపురం గూళ్లు అప్పటికే నిండుతాయి, ఉప్పుమళ్లలో ఉల్లంకులూ దిగుంటాయి. కాకపోతే మనకి తుఫాన్లు వచ్చేదీ ఆ నెలల్లోనే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన ఉద్దానం ప్రాంతాన్ని ఎలా ఊడ్చేసిందో మీకు తెలిసిందే. వాతావరణం వార్త విని మరీ బయల్దేరండి.