బండి కురుస్తోంది

కార్వాన్ అనే లఫ్జ్ నేను మొదట ఉర్దూ మీడియం బడిలో చదివాను. ఒంటెల వరస, రేగిస్తాన్, ముసాఫిర్లు. ఇంగ్లీషువాళ్లు అదే ఫార్సీ మాటను తీసుకుని చక్రాల మీద నడిచే ఇంటికి పెట్టుకున్నారు. ఇప్పుడు మనకు కారవాన్ అంటే షూటింగుల దగ్గర హీరోల కోసం ఆగి ఉండే ఏసీ బండి. మా ఇంట్లో మాత్రం కార్వాన్ అంటే అబ్బా గాజుల బండి.

టాటా 407. 2005లో విజయవాడ ఆటోనగర్‌లో దానికి మూసిన బాడీ కట్టించారు. లోపల ఇనుప ఫ్రేము, బయట అల్యూమినియం రేకు, లోపలి వైపు ప్లైవుడ్. ఒక పక్కన గాజుల అరలు, ఇంకో పక్కన పడుకోడానికి బల్ల, మూలన స్టవ్వు, మేకుకు జానమాజ్. మాది రామదాసు పుట్టిన నేలకొండపల్లి. శ్రీరామనవమికి భద్రాచలం, ఉర్సుకు జాన్‌పహాడ్ దర్గా, రెండేళ్లకోసారి మేడారం. ఆ బండిలోనే అబ్బా తిన్నారు, పడుకున్నారు, మమ్మల్ని చదివించారు.

2017లో అబ్బా ఇంతెకాల్ అయ్యాక బండి భాయిజాన్ చేతికి వచ్చింది. ప్రతి వానాకాలం ఖమ్మానికి ఫోన్. "ఛోటూ, గాడీ టపక్ రహీ హై." నేను రెండు వేలో మూడు వేలో పంపేవాడిని. సిలికాన్ ట్యూబో ఎం-సీలో కొని పూసేవారు. నా ఫర్జ్ అదా అయిపోయిందనుకునేవాడిని. మళ్లీ బారిష్ రాగానే మళ్లీ ఫోన్. గాజుకు నీళ్లు తగిలితే ఏమీ కాదు, కానీ అట్టపెట్టెలు నాని ముద్దవుతాయి, లక్క గాజుల రాళ్లు ఊడిపోతాయి.

2024 సెప్టెంబర్ 1న మున్నేరు ఖమ్మంలోకి వచ్చింది మీకు యాద్ ఉండే ఉంటుంది. నేను వార్తల కోసం ఆ నీళ్లలోనే తిరిగాను. నాలుగో రోజు ఊరికి వెళ్లాను. బండి తలుపు తీస్తే బూజు వాసన. ప్లైవుడ్‌ను బొటనవేలితో నొక్కితే తడిసిన బిస్కెట్టులా లోపలికి దిగింది. భాయిజాన్ తల దించుకుని, "తుక్కుకు ఇచ్చేద్దాం రా" అన్నారు. గుమ్మంలో నిలబడిన భాభీ మెల్లగా, "ఇచ్చేస్తే కమాయి ఎక్కడిది?" అన్నారు. జవాబు మా ఇద్దరి దగ్గరా లేదు.

వానలు ఆగాక, నవంబర్‌లో వారం సెలవు పెట్టాను. ఖమ్మంలో ఒక పాత బాడీ మిస్త్రీని అడిగితే మూడు మాటలు చెప్పాడు. నీళ్లు కారేచోటు వేరు, దూరేచోటు వేరు. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ పట్టదు, అంతా గీకి తీయాలి. బాడీ కింద నీళ్లు పోయే బెజ్జాలుంటాయి, వాటిని మూయొద్దు.

మేము ఏళ్లుగా చేసింది ఈ మూడిటికీ ఉల్టా. నీళ్లు వెనక మూలన కారుతున్నాయని వెనకే పూశాం. పూసినదాని మీదే పూశాం. కింది బెజ్జాలు కూడా లీకేజీ అనుకుని భాయిజాన్ ఎం-సీల్ పెట్టేశారు. వచ్చిన నీళ్లకు బయటికి రాస్తా లేదు, లోపలే నిలబడి ఫ్రేమును తినేశాయి.

టార్చి వేసి తడి మరకల వెంట చాక్‌పీసుతో గీతలు గీసుకుంటూ పోతే, దారి ముందువైపు, డ్రైవరు క్యాబిన్ మీది జాయింటు దాకా వెళ్లింది. ఇంటి ముందు బండి ముక్కు ఎత్తు మీద ఉంటుంది. అక్కడ దూరిన నీళ్లు ఫ్రేము పట్టుకుని వెనక్కి వచ్చి కారుతున్నాయి.

ఆ జాయింటు మీద గోనెపట్టా, డాంబర్. అబ్బా వేసినది. అందులో ఆయన వేళ్లు నొక్కిన గుర్తులు ఇంకా ఉన్నాయి. ఇన్నేళ్లలో భాయిజాన్ ఆ ఒక్క చోట ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. గీకుడు కత్తి కింద పెట్టి, "యే అబ్బా కే హాత్ కా కామ్ హై" అన్నారు. నేనేమీ అనలేకపోయాను. అసర్ అజాన్ అయింది, మసీదుకు వెళ్లారు. తిరిగొచ్చి, నిచ్చెన ఎక్కుతూ అన్నారు: "మర్నాడు జాతర ఉందని హడావుడిగా వేశారు ఛోటూ. తర్వాత సరిగ్గా చేయిద్దాం అన్నారు."

అబ్బా ఒక్క రాత్రి కోసం వేసిన అతుకును మేము తబర్రుక్ చేసుకున్నాం. ఆయనే తీశారు. ఎండకు పగుళ్లిచ్చిన డాంబర్ కింద ఫ్రేము తుప్పుపట్టి పొడి పొడిగా రాలింది. నేను పంపిన రెండేసి వేలూ ఇలాంటి అతుకులేగా అని నాకప్పుడు తట్టింది. డబ్బు వచ్చేది, నేను వచ్చేవాడిని కాదు.

తుప్పు కోయించి కొత్త ఇనుము వెల్డింగ్ చేయించాం. అల్యూమినియం పట్టీలన్నీ విప్పి, గీకి, థిన్నర్‌తో తుడిచి, కింద బ్యుటైల్ టేపు పరిచి, స్టీలు స్క్రూలు బిగించాం. అంచుల మీద పాలీయురెథేన్ సీలెంటు. రోడ్డు మీద బండి బాడీ ఊగుతుంది, ఎం-సీల్ గట్టిపడి పగులుతుంది, ఇది రబ్బరులా సాగుతుంది. కింది బెజ్జాలు తెరిచాం. ఆరాక పైపుతో నీళ్లు పెట్టాం, కింది నుంచి పైకి, ఒక్కో జాయింటు. పై నుంచి పోస్తే ఎక్కడ దూరుతోందో తెలీదు. భాయిజాన్ బయట, నేను లోపల టార్చితో. "ఆయా క్యా?" "నై ఆయా." ఇద్దరం అన్నిసార్లు మాట్లాడుకుని ఎన్నేళ్లయిందో.

ఉర్దూలో కప్పు టపక్‌తుంది. తెలుగులో ఇల్లు కురుస్తుంది. ఆకాశం చేసేదీ ఇల్లు చేసేదీ ఒకటే మాట. డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు నాకది వింతగా ఉండేది.

మరుసటి ఏడు మొదటి పెద్ద వాన రాత్రి నేనే ఫోన్ చేశాను. భాయిజాన్ బండిలోనే పడుకున్నారట. "టపక్ రహీ క్యా?" అన్నాను. రేకు మీద వాన చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది.

"బయటే కురుస్తోంది రా, పడుకో" అన్నారు.