సాంచాల ఫొటోలు, సంతకాల సంగతి

కోరుట్ల

దోస్త్,

భివండి నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. దసరాకు సిరిసిల్ల వస్తున్ననని, కెమెరా కూడ తెస్తున్ననని రాసినవు. ఆన్‌లైన్ ఏజెన్సీలకు ఫొటోలు ఎట్ల అమ్మాలని అడిగినవు గద, నాకు తెలిసిన కాడికి చెప్త.

ముందుగాల పైసల ముచ్చట. అడోబ్ స్టాక్ ఫొటోకు 33 శాతం ఇస్తది. షటర్‌స్టాక్‌ల 15 శాతంతోని మొదలైతది; ఆ ఏడు నీ ఫొటోలు ఎన్ని పోతే దాన్నిబట్టి 40 దాకా పెరుగుతది, జనవరి 1న మళ్ల 15కే వస్తది. చందా కట్టినోళ్లు తీసుకుంటే ఒక్కో ఫొటోకు నీకు మిగిలేది సెంట్లే. అందుకే భివండిల పని ఇప్పుడే ఇడిసిపెట్టకు. ఖాతా తెరిచేటప్పుడు అమెరికా పన్ను ఫారం డబ్ల్యూ-8బెన్ పాన్ నంబరుతోని నింపు. అది లేకుంటే అక్కడి అమ్మకాల మీద 30 శాతం కోస్తరు, ఉంటే 15.

జాన్ ఒరింగర్ 2003ల షటర్‌స్టాక్ పెట్టినప్పుడు తను తీసిన 30 వేల ఫొటోలతోనే మొదలుపెట్టిండు. లెక్క పెరిగితేనే నడిచే పని ఇది. అట్లని పొద్దుగూకే ఆకాశాలు తీసుకుంట కూసోకు, అవి లోకమంత తీస్తున్నరు. నువ్వు సాంచాల నడుమ పెరిగినోనివి. పోగు తెగితే అతికే వేళ్లు, కండెల గంప, బీము మీద పరుచుకున్న నూలు, ఇవి ఎప్పుడు ఎక్కడ నిలబడి తీయాల్నో బయటోనికి తెల్వది. మా దిక్కు పసుపు ఉడకబెట్టి ఆరబోసే కళ్లాలున్నయి, ఎండకాలం జగిత్యాల మామిడి కాయ ఉన్నది. వరంగల్ భరత్ భూషణ్ గారు మన పల్లెలను, బతుకమ్మను ఏండ్ల తరబడి తీసిన్రు. 2022ల ఆయన పోయిన్రు. ఆ పని ఇంక శాన మిగిలే ఉన్నది.

కీలకపదాలు ఇంగ్లిష్‌ల ఇయ్యాలె. బతుకమ్మకు ‘ఇండియా, పండుగ, పూలు’ అని ఇస్తే లక్షల బొమ్మల కింద పడిపోతది. తెలంగాణ, బతుకమ్మ, తంగేడు అని రాయి. తంగేడుకు శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా, గునుగుకు సెలోసియా అర్జెంటియా అని కూడ చేర్చు. మొక్కల పుస్తకం వేసేటోడు ఆ పేర్లతోనే వెతుకుతడు.

ఇగ అన్నిటికంటె నాకు పట్టింపు ఉన్నది సంతకం మీద. మొహం గుర్తుపట్టేటట్టుంటే, ప్రకటనలకు అమ్మాల్నంటే మోడల్ రిలీజ్, అంటే ఆ మనిషి ఒప్పుకుంట సంతకం పెట్టిన కాయితం, కావాలె. కోరుట్లల ఇంటింట బీడీలు చేసే అక్కలున్నరు. ఇంగ్లిష్ కాయితం ముంగట పెట్టి ‘ఇక్కడ సంతకం పెట్టు అక్కా’ అంటే పెడ్తరు, మన మీద నమ్మకం అసొంటిది. ఆ సంతకంతోని వాళ్ల మొహం ఏ దేశంల ఏ కంపెనీ ప్రకటనలనన్న రావచ్చు. మనిషిని కించపరిచే వాడకం కూడదని ఏజెన్సీల షరతులున్నయి గని, ఒకసారి అమ్ముడుపోయిన బొమ్మను మనం వాపసు తేలేం. ఈ ముచ్చటంత మన మాటల్లో చదివి వినిపియ్యి. ఇంట్లోళ్లను అడిగి చెప్త అంటే ఆగు, వద్దంటే అక్కడికే ఇడిసిపెట్టు. బీడీలు చేసే అక్కకు కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తది. నీ ఫొటో కోసం చేతులు ఆగినంత సేపు ఆమె పైసలు పోయినట్టే. అవి నువ్వే అప్పుడే చేతిల పెట్టు, ఫొటో అమ్ముడుపోయేదాక ఆగకు.

చాటల తునికాకు, తంబాకు, చుట్టే చేతుల వరకే తీస్తే మొహం పనే లేదు. బీడీ కట్టల మీది లేబుల్ మాత్రం కనపడనియ్యకు, కంపెనీ గుర్తులుంటే ప్రకటనల కింద తీసుకోరు. సద్దుల బతుకమ్మ నాడు గుంపు మొత్తం దగ్గర సంతకాలు అయ్యే పని కాదు. అవి షటర్‌స్టాక్‌కో, అలామీకో ఎడిటోరియల్ కింద పంపు, వార్తలకు, పుస్తకాలకు పనికొస్తయి. వాటి శీర్షికల ఊరు, తేదీ, జరిగింది జరిగినట్టు ఉండాలె. బండెక్కేముందు కెమెరాల తేదీ, టైము ఒకసారి సరిచూసుకో.

నీ దోస్తు