మా ఇంటి పద్యాల బడి

2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు మా ఇంట్లో చదువుకునే పిల్లలు ముగ్గురు. పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి, అబ్బాయి ఎనిమిది, చిన్నది రెండు. స్మార్ట్‌ఫోను మాత్రం ఒక్కటే. మందిరానికి తాళం పడిన ఆ దినాలలో సంఘస్థులతో ప్రార్థన చేయడానికి అది కూడా నా చేతిలోనే ఉండేది. నెల గడిచేసరికి పిల్లలు గోడకు గీతలు గీస్తూ కూర్చున్నారు. అప్పుడు నా భార్య, "బడి లేకపోతే ఇల్లే బడి అండీ. లెక్కలు, సైన్సు నేను చూస్తాను. తెలుగు, బైబిలు మీరు చెప్పండి" అన్నది.

ఇంటి బడి కొత్తదేమీ కాదు. ఇంట కూర్చున్నప్పుడు, త్రోవన నడిచేటప్పుడు, పండుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలకు నేర్పమని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో తండ్రులకు ఆజ్ఞ ఉన్నది. తిమోతికి అవ్వ లోయి, తల్లి యునీకే ఉన్నారు. కానీ ఈ మాటలు ప్రసంగంలో చెప్పడం వేరు, ఉదయం పదింటికి ముగ్గురు పిల్లల ముందు కూర్చోవడం వేరు. మొదటి వారం నేను అరిచినంతగా వేదిక మీద కూడా ఎన్నడూ అరవలేదు.

పద్యాల సంగతి చిన్నదాని మూలంగా మొదలయ్యింది. ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో 119వ కీర్తన తెరిచాము. "నాన్నా, ఈ ఆలెఫ్ ఎవరు? బేత్ ఎవరు?" అని అడిగింది. అవి మనుషుల పేర్లు కావమ్మా, హెబ్రీ అక్షరాలని చెప్పాను. ఆ భాషకు 22 అక్షరాలు. ఒక్కొక్క అక్షరానికి ఎనిమిదేసి వచనాలు, వెరసి 176. ఆలెఫ్ భాగంలో ఎనిమిది వచనాలూ ఆలెఫ్‌తోనే మొదలవుతాయి. మన అ, ఆ, ఇ, ఈల వరుసలో పాట కట్టినట్టు. సామెతలు 31లో గుణవతియైన భార్యను గూర్చిన 22 వచనాలు కూడా అదే వరుస. ఆ అధ్యాయం మొదట్లోనే, అది లెమూయేలు రాజుకు అతని తల్లి నేర్పిన మాట అని ఉన్నది. అంటే అదీ ఇంటి బడి పాఠమే.

"అయితే అమ్మ మీద మనమూ వ్రాద్దాం" అన్నది పెద్దమ్మాయి. జూలైలో వాళ్ళమ్మ పుట్టినరోజు. కొత్త చీర కొనే స్థితి లేదు, కొట్లూ సరిగా తెరవడం లేదు. ముగ్గురూ కలిసి అక్షరమాల మొదలుపెట్టారు. కొన్ని వరుసలు నాకు ఇంకా గుర్తున్నాయి.

అ – అందరం తిన్నాక అడుగున మిగిలిన అన్నం తినేది
ఆ – ఆదివారం కానుకకు అందరికీ చిల్లర దాచేది
ఇ – ఇరుగమ్మ తోడు అడిగితే ఇంత పెరుగు పోసేది

ఋ దగ్గర బండి ఆగిపోయింది. రెండు రోజుల తరువాత మా వాడు, "ఋణం అడిగినవారికి లేదనదు, మేమడిగితే రూపాయి ఇవ్వదు" అని తెచ్చాడు. ణ దగ్గర మళ్ళీ ఆగారు. ఆ అక్షరంతో మొదలయ్యే తెలుగు మాట ఎక్కడ దొరుకుతుంది? వదిలేయండర్రా, 145వ కీర్తన కూడా ఇదే వరుసలో వ్రాసిందే గాని, వాడుకలో ఉన్న హెబ్రీ పాఠంలో నూన్ అనే అక్షరానికి వచనం లేదు, అందుకే అందులో 21 వచనాలే ఉన్నాయి అని చెప్పాను. దావీదు కీర్తనలోనే ఒకటి తగ్గితే తమది తగ్గడంలో తప్పులేదని పిల్లలు తేల్చుకున్నారు.

పుట్టినరోజు రాత్రి వేయించిన వేరుశెనగలు, బెల్లం పెట్టుకుని చదివారు. నా భార్య ఋ వరకు నవ్వుతూ విన్నది. ఆ తరువాత కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నది.

అప్పటినుండి శుక్రవారం రాత్రి మా ఇంట్లో పద్యాలు. పద్యమంటే లోకసంబంధమని కొందరు విశ్వాసులకు అనుమానం. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువాగారు 'క్రీస్తు చరిత్ర'ను పద్యకావ్యంగా వ్రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమానం పొందారని వారికి చెబుతుంటాను. అంత దూరం పోనక్కరలేదు. మా అమ్మకు అక్షరం రాదు. అయినా పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు చరణం తప్పకుండా పాడుతుంది. 1890లో కన్నుమూసిన కవి, సంతకం చేయలేని ముసలమ్మ నోట ఇంకా ఉన్నాడు. శుక్రవారం మొదటి పాట ఆమెదే.

చిన్నదానికి గణాలు, యతులు రావు గదా. దానికి దావీదు పద్ధతి నేర్పాను. హెబ్రీ కవిత్వంలో ముఖ్యం అక్షరాల ప్రాస కాదు, తలంపుల జత. మొదటి పాదంలో అన్న మాటను రెండవ పాదం ఇంకొక విధంగా అంటుంది, లేదా దానికి ఎదురు మాట చెబుతుంది. కీర్తనలు ఏ భాషలోకి వెళ్ళినా ఆ అందం చాలావరకు నిలవడానికి కారణం అదే. వేదాంత పాఠశాలలో ఈ పాఠం పరీక్ష కోసం చదివి మరచిపోయాను. రెండవ తరగతి పిల్ల అరగంటలో పట్టుకున్నది. "మా ఆవుకు దూడ పుట్టింది, మా అమ్మకు నేను పుట్టాను" అన్నది. మా అమ్మ దాన్ని ఒళ్ళోకి లాక్కుని, ఎవరిది ఎక్కువ అల్లరో కూడా చెప్పవే అన్నది.

అబ్బాయికి మాత్రం ఆటవెలది నేర్పాలని నా పట్టుదల. హైస్కూల్లో మా తెలుగు మాస్టారు బెత్తంతో నేర్పిన విద్య అది. బేసి పాదాలలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాలలో ఐదూ సూర్యగణాలే. నాలుగవ గణం మొదట యతి. వాడు గురువులు, లఘువులు వ్రేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ గేదె వెంట కూడా తిరిగేవాడు. ఆగస్టులో ఒక సాయంకాలం, ఒక ఇంట ప్రార్థన చేసి వచ్చి వరండాలో కూర్చున్నాను. వాడు నోటుపుస్తకం నా ముందు పెట్టి ప్రక్కనే నిలబడ్డాడు.

మందిరాన నవ్వు మా నాన్న, ఆ నవ్వు
ఇంటికొచ్చు వేళ నెక్కడుంచె
చెప్పులతో పాటు గుమ్మాన విడిచెనా
వెతికి తెచ్చి ఇత్తు వేచి ఉండు

నేను జేబులోని ఎర్ర పెన్ను తీశాను. మొదటి పాదం సరిపోయింది. రెండవదీ సరే. మూడవ పాదంలో 'లతో' దగ్గర సున్న చుట్టి, "లఘువు మీద గురువు వచ్చింది, ఇది సూర్యగణం ఎట్లా అవుతుందిరా? గణం తప్పింది, మళ్ళీ వ్రాయి" అని పుస్తకం తిరిగి ఇచ్చాను. వాడు "సరే నాన్నా" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ శుక్రవారం వాడు చదవలేదు. తలనొప్పి అన్నాడు. మరుసటి శుక్రవారం గేదెకు గడ్డి వేయాలి అన్నాడు. మూడవ వారం నా భార్య ఆ పుస్తకం తెచ్చి నా ఎదుట తెరిచి పెట్టింది. "గణం తప్పింది సరేనండీ. వాడు ఏమన్నాడో చదివారా?"

చదివాను. నిజం చెప్పాలంటే అప్పుడే మొదటిసారి చదివాను.

తండ్రులు పిల్లల మనస్సు క్రుంగునట్లు వారికి కోపము పుట్టింపవద్దని కొలస్సయులకు 3:21 మీద నేను ఎన్నిమార్లు ప్రసంగించానో. సంఘంలో ఎవరింటికి వెళ్ళినా పిల్లలను ఎత్తుకుంటాను, పేరు పెట్టి పిలుస్తాను, నవ్విస్తాను. మనింటికి వచ్చేసరికి అలసట. అలసట అని పేరు పెట్టుకున్నాను గాని, అది మా నాన్న దగ్గర నేర్చుకున్న మౌనం. ఆయన కూలికి వెళ్ళి మమ్మల్ని చదివించాడు. జ్వరం వస్తే భుజాన వేసుకుని ఊరు దాటించాడు. ప్రేమ లేదని ఎవరనగలరు? కానీ ఒక్క మాట ఆయన నోట వినలేదు, విననిది నాకు పలకడం రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక రెండవ సమూయేలు తిరగవేశాను. అబ్షాలోము యెరూషలేముకు వచ్చిన తరువాత కూడా రెండు నిండు సంవత్సరాలు రాజు ముఖం చూడలేదని 14వ అధ్యాయంలో ఉన్నది. అన్ని కీర్తనలు కట్టిన తండ్రి! చివరకు ముద్దు పెట్టుకున్నాడు, నిజమే. కానీ కొడుకా, కొడుకా అని గుండె పగిలేలా పిలిచింది గుమ్మం పైనున్న గదిలో, పిలుపు వినడానికి ఆ కొడుకు లేనప్పుడు. ఈ భాగం నేను ఎన్నో సమాధుల దగ్గర చదివాను. ఎన్నడూ నా ఇంటి వైపు తిప్పి చదవలేదు.

తెల్లవారుజామున కాగితం తీసుకున్నాను. ఆటవెలది నాకే కుదరలేదు. చిన్నదానికి నేర్పిన పద్ధతిలోనే వ్రాశాను.

నా కుమారుడు తన మనస్సు తెచ్చి చూపాడు. నేను అక్షరాలు లెక్కపెట్టాను.
నా బిడ్డ నన్ను వెదకుతూ వచ్చాడు. నేను ఎర్ర పెన్ను వెదకుకున్నాను.

మూడవ వరుసలో, నీవంటే నాకు ఎంత ఇష్టమో చెప్పాలని కూర్చున్నాను. కోడి కూసింది గాని మాట రాలేదు. ఆ ఖాళీ అట్లాగే ఉంచి, కాగితం మడిచి వాడి చెప్పులో పెట్టాను.

వాడు దాన్ని గూర్చి నాతో ఏమీ అనలేదు. ఆ శుక్రవారం మాత్రం చాప మీద నా ప్రక్కకు వచ్చి కూర్చున్నాడు. తరువాతి ఆదివారం సంఘ పెద్దల ఇళ్ళు తిరిగి, ఎండలో విసిగి ఇంటికి వచ్చాను. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే వరండాలో పుస్తకం చదువుతున్నవాడు తల ఎత్తకుండానే, "వెదకమంటావా నాన్నా?" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. లోపలినుండి మా అమ్మ ఏమయ్యిందర్రా అని కేకవేసింది.

మరుసటి సంవత్సరం బడులు తెరిచారు, శుక్రవారాలు కొన్ని తప్పాయి, కొన్ని జరిగాయి. ఇప్పుడు వాడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఆ నోటుపుస్తకం నా బైబిళ్ళ ప్రక్కన ఉన్నది. 'లతో' చుట్టూ ఎర్ర సున్న ఇంకా ఉన్నది. ఆ పాదం సరిచేయమని వాడిని నేను మళ్ళీ అడగలేదు.